తెగబోతున్న నారి

జయరాజు టెక్కలి దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలోనే రైలెక్కి హౌరా వచ్చి, షాలిమార్ గూడ్స్ యార్డులో వ్యాగన్లు తగిలించే పనిలో కుదిరాడు. ఆయన కూతురు లోయిస్ పుట్టిందీ పెరిగిందీ ఆ యార్డు పక్క క్వార్టర్లలోనే. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. ఆదివారం ప్రార్థనలో పాటల పుస్తకం ముందు పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంటూ పాడుతుంది. కోపం వస్తే మాత్రం బెంగాలీయే. జయరాజు పోయాక రైల్వేవాళ్లు ఆమెకు పార్సిల్ ఆఫీసులో పని ఇచ్చారు. ఇంట్లో తనూ, తల్లి దయమ్మా. పెళ్లి మాట తల్లి ఎత్తినప్పుడల్లా "సూద్దాంలే అమ్మా" అని తప్పించుకునేది.

ఆమె ప్రాణమంతా విల్లు మీదే ఉండేది. యార్డు గోడకు అవతల ఎగుడుదిగుడుగా ఒక మైదానం ఉంది. అక్కడ శ్యామసుందర్ అనే బెంగాలీ పెద్దమనిషి విలువిద్య నేర్పేవాడు. జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. పిల్లలూ పెద్దలూ అందరూ ఆయన్ని శ్యామ్‌దా, అంటే శ్యామన్న, అనేవాళ్లు. లోయిస్ చిన్నప్పుడు అక్కడే వెదురు విల్లు పట్టింది. పెద్దయ్యాక ఉద్యోగం నుంచి తిన్నగా మైదానానికే వచ్చేది, చీకటి పడి, గురికి పెట్టిన గడ్డిదిబ్బ కనిపించకుండా పోయేదాకా బాణాలు వేసేది.

ఆ మైదానానికి 2006లో మొదటి కాంపౌండ్ విల్లు వచ్చింది. టాటానగర్‌లో ఎవరో ఆట మానేస్తూ శ్యామ్‌దాకి ఇచ్చేసిన విల్లు అది. దాని రెండు కొసలకీ చక్రాలుంటాయి. నారి లాగడం మొదలుపెడితే పెద్ద బియ్యం బస్తాను ఈడ్చినట్టుంటుంది. సగం దాటాక చక్రాలు తిరుగుతాయి, బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది, ఆ పైన గోడకు ఆనినట్టు నారి ఆగిపోతుంది, ఆ చోటునే గోడ అంటారు. అక్కడ నిలబడి తీరిగ్గా గురి చూసుకోవచ్చు. చేతికి తేలిగ్గా ఉంటుంది గనక విల్లులో బలం చచ్చిపోయిందని కొత్తవాళ్లు అనుకుంటారు. బలం ఎక్కడికీ పోదు. అంతా పైనా కిందా వంగే ఆ కొమ్ముల్లో, నారిలో బిగుసుకుని కూర్చుని ఉంటుంది. దాన్ని వేళ్లతో లాగరు. మణికట్టుకు కట్టుకునే పట్టీకి ఒక చిన్న కొక్కెం, తుపాకీకి ఉన్నట్టు ఒక మీట ఉంటాయి. నారికి ముడేసిన చిన్న తాడు ఉచ్చులో కొక్కెం తగిలించి లాగాలి. మీట నొక్కితే కొక్కెం తెరుచుకుంటుంది, బాణం పోతుంది.

అలాంటి విల్లును ఎవరి చేతుల పొడుగుకు తగ్గట్టు వాళ్లకు అమర్చుకోవాలి. అందుకని ఒకరి విల్లు ఇంకొకరికి సాధారణంగా నప్పదు. కానీ లోయిస్‌కీ, మంగాదేవికీ ఒకే విల్లు నప్పింది. మంగాదేవి మెటియాబ్రుజ్‌లో ఉండేది. తండ్రి కూర్మయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో మూటలు మోసినవాడు. మంగాదేవి ఒక దర్జీ కార్ఖానాలో మిషను మీద కుట్టేది. పని దిగాక ఫెర్రీలో హుగ్లీ దాటి మైదానానికి వచ్చేది. లోయిస్ కంటే నాలుగైదేళ్లు చిన్న. "లోయిసప్పా" అని అక్కవరసతో పిలిచేది. ఎత్తూ, చేతుల పొడుగూ ఇద్దరివీ అచ్చంగా ఒక్కటే. ఒకే విల్లుతో ఒకరి తర్వాత ఒకరు వేసేవాళ్లు. రాష్ట్రం జట్టులో ఆడవాళ్లకు కాంపౌండ్‌లో ఒక్క చోటు ఖాళీ ఉందని తెలిశాక కూడా అదే విల్లుతో, ఒకరికొకరు పోటీగా వేశారు.

ఆ చలికాలం ఒక వారం పాటు విల్లు ఏదో చెప్పాలని చూసింది. నారి మధ్యలో చిన్న చిల్లున్న బిళ్ల ఉంటుంది. దాన్ని పీప్ అంటారు, అందులోంచి చూసే గురిపెడతారు. నారి లాగినప్పుడు ఆ చిల్లు కంటికి ఎదురుగా తిరగాలి. ఆ వారం అది పక్కకు తిరిగి నిలబడుతోంది. లోయిస్ లాగేముందు నారిని వేలితో కాస్త మెలిపెట్టి సరిచేసుకునేది. బాణాలు కిందికి దిగుతుంటే విల్లుకు గురి కోసం బిగించిన ముల్లు, గురిముల్లు, జరుపుకుంది. లాగి ఆగేచోట గోడలా గట్టిగా తగలాల్సింది పోయి మెత్తగా, దిండుకు ఆనినట్టు తగిలింది. తన భుజం అలిసిందేమో అనుకుంది. మంగాదేవికీ అవన్నీ తగిలాయి. ఆమె కూడా తన తప్పేననుకుని ఊరుకుంది. చోటు ఒక్కటే కదా, నాకు గురి కుదరడం లేదని ఎదుటి మనిషితో ఎవరు చెప్పుకుంటారు?

ఒక బంద్ రోజున ఆఫీసులు లేవు, బస్సులు లేవు. మంగాదేవి ముందురోజే వచ్చి ఇవతలి గట్టున చుట్టాలింట్లో ఉండిపోయింది. పొద్దున్నే మైదానం నిండా జనం. లోయిస్ నారి లాగి, గోడ దాకా తెచ్చి, ఊపిరి బిగబట్టింది. గురిముల్లు దిబ్బ నడుమ పసుపు చుక్క మీద నిలబడబోతోంది.

టపాసు పేలినట్టు చప్పుడైంది. తర్వాత ఏం జరిగిందో ఆమెకు వరసగా తెలియదు. కుడి చెయ్యి తన చెంపనే గుద్దింది. ఎడమ ముంజేతి మీద ఎవరో ఇనపకమ్మీ పెట్టి కొట్టినట్టయింది. కళ్లు తెరిచేసరికి విల్లు గడ్డిలో పడుంది, పై కొమ్ము చీలిపోయి ఉంది, నారి తెగి చక్రానికి వేలాడుతోంది. కుడికంటి కింద వెచ్చగా ఏదో కారుతోంది. ముంజేతిమీద చర్మం విచ్చుకుని, లోపల ఎముకకు ఏదో అయినట్టు వేళ్లు ముడుచుకోవడం లేదు.

"అప్పా! కన్ను తెరు! నన్ను సూడు, కనపడతన్నానా?" మంగాదేవి తన చున్నీ తీసి ఆమె చెంపకు అదిమిపెట్టి అరుస్తోంది.

"కనపడతన్నావు," అంది లోయిస్. ఆ మాట అన్నాకే ఏడుపొచ్చింది.

టాక్సీ లేదు, ఆటో లేదు. శ్యామ్‌దా ఎక్కడినుంచో ఒక వ్యాన్ రిక్షా తెచ్చాడు. సిమెంటు బస్తాలు మోసే చెక్కబల్ల అది. దాని మీద లోయిస్‌ని పడుకోబెట్టి, తల మంగాదేవి ఒళ్లో పెట్టారు. శిబ్‌పూర్ మలుపులో బంద్ చేయించే కుర్రాళ్లు బెంచీలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. చక్రాలున్నదేదీ కదలడానికి వీల్లేదన్నారు. శ్యామ్‌దా బతిమాలాడు. వాళ్లలో ఒకడు గొంతు పెంచబోయి, చున్నీ మీది నెత్తురు చూసి ఆగిపోయాడు. బెంచీ లాగేశాడు. అంతటితో ఊరుకోలేదు, జెండా పట్టుకుని రిక్షా ముందు తనే పరుగెత్తాడు. ఆ తర్వాత మరి రెండు చోట్ల అడ్డుకున్నవాళ్లు ఆ జెండాను చూసి దారి ఇచ్చారు. అతని పేరేమిటో ఎవరూ అడగలేదు.

ఆసుపత్రిలో కుట్లు వేశారు, విరిగిన చేతికి కట్టు కట్టారు. కంటికి వెంట్రుకవాసిలో తప్పిందని డాక్టరు చెప్పాడు. మత్తు దిగుతున్నప్పుడు లోయిస్ మంగాదేవిని ఒక మాట అడిగింది.

"ఆఖర్న నారి మీద సెయ్యెట్టి మైనం రాసింది ఎవులే? నువ్వే గదా?"

మంగాదేవి అప్పటిదాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ మాటకు చెయ్యి వదిలేసింది. "అంటే నానేటి సేసినాననుకుంతన్నావు?"

"అడిగినానంతే."

"అలా అడగడమేటి? నీకు దెబ్బ తగిలితే నాకు చోటొస్తాదని నారి కోసీసినానేటి?"

లోయిస్ ఆ మాట అనలేదు. అయితే కాదు అని కూడా అనలేదు, కళ్లు మూసుకుంది. మంగాదేవి లేచి వెళ్లిపోయింది.

శ్యామ్‌దా తెగిన నారిని ఇంటికి తీసుకుపోయి, చక్రం దగ్గర దానిమీద బిగించి చుట్టి ఉన్న దారాన్ని విప్పి చూశాడు. చక్రం అంచున చిన్న గరుకు ఉంది. వారాల తరబడి ఆ గరుకు తగిలి చుట్టుదారం కిందే నారి పోగులు ఒక్కొక్కటీ తెగుతూ వచ్చాయి. ఒక పోగు తెగితే నారి మెలిక మారి పీప్ తిరుగుతుంది. ఇంకొన్ని తెగితే నారి సాగి రెండు చక్రాలూ ఒకేసారి ఆగవు, అప్పుడే గోడ మెత్తబడుతుంది. ఆయన వచ్చి లోయిస్ మంచం దగ్గర కూర్చుని, హిందీలో, కోపంగా, ఇదంతా చెప్పాడు.

"పీప్ తిరుగుతోందని నీకు తెలుసు. ఆ అమ్మాయికీ తెలుసు. ఇద్దరిలో ఒక్కరైనా నాతో ఒక్క మాట అన్నారా?"

తప్పు మంగాదేవిది కాదని అప్పుడు లోయిస్‌కి తెలిసింది. తెలిశాక వెళ్లి ఆ మాట చెప్పలేకపోయింది. మంగాదేవి కూడా రాలేదు. అలా నెలలు గడిచాయి.

ఎముక అతుక్కున్నాక లోయిస్ మైదానానికి వెళ్లింది. కొత్త కొమ్ములు వేయించారు, కొత్త నారి ఎక్కించారు, చక్రం అంచును శ్యామ్‌దా నున్నగా అరగదీశాడు. విల్లులో ఏ లోపమూ లేదు, లోపం ఆమెలోనే చేరింది. నారి లాగి గోడకు ఆనించగానే కళ్లు వాటంతటవే మూసుకుపోయేవి. గురి నిలబడకముందే వేలు మీటను గుద్దేసేది. బాణం దిబ్బ దాటి యార్డు గోడకు తగిలి వంగిపోయేది. ఒకసారి లాగబోయి, సగంలో ఆపేసి, విల్లు కింద పెట్టి చెట్టు వెనక్కి పోయి వాంతి చేసుకుంది.

"మానీయే తల్లీ," అంది దయమ్మ. "కన్ను దక్కించినాడు ప్రెభువు. మల్లీ ఆ యములాడి దగ్గిరికెందుకెల్తావు?"

"మానీడానికే ఎల్తన్నానమ్మా. బయ్యం పోనాక మానీస్తాను."

శ్యామ్‌దా ఆమె చేత బాణాలు వేయించడం మానిపించాడు. దిబ్బకు చేరువగా, బల్లెం పొడిచేంత దూరంలో నిలబెట్టి, లాగమనేవాడు, దించమనేవాడు. బాణం ఎక్కించాలి, దిబ్బకేసే పట్టాలి, లాగాలి, గోడ దగ్గర ఆగాలి, వదలకుండా మళ్లీ దించెయ్యాలి. పైకి తేలికే. కానీ దించేటప్పుడు చక్రం వెనక్కి తిరిగే క్షణంలో ఆ బరువంతా ఒక్కసారిగా చేతిని ముందుకు ఈడ్చుకుపోతుంది. అప్పుడు కంగారుపడి వేలు మీటకు తగిలిందా, చేతిలో అదుపు లేని బాణం ఎటైనా పోతుంది. అందుకని ముందు వేలు మీట ముందునుంచి తీసి వెనక్కి దాచాలి. వెన్నుతో లాగుతూనే ఉండాలి. మొహం నారికి దూరంగా తియ్యాలి. ఆ తర్వాతే మెల్లగా దించాలి.

"నొక్కాలా వద్దా అన్నది నీ వేలు తేల్చకూడదు," అనేవాడాయన. "నువ్వు తేల్చాలి. వదలకుండా దించగలిగినవాళ్లకే వదిలే హక్కు."

వానాకాలమంతా అదే పని. మెల్లమెల్లగా కళ్లు తెరుచుకుని నిలబడటం వచ్చింది. వేలును మీట మీద ఆనించి, నొక్కకుండా, వీపు కండలు బిగిస్తూ పోతే ఎప్పుడో కొక్కెం దానంతటదే తెరుచుకునేది. ఆ బాణాలు చుక్కకు దగ్గరగా పడేవి. రోజూ వేసేముందు నారిని పైనుంచి కిందిదాకా కళ్లతో, గోటితో తడిమి చూసుకునేది. నూగు లేచినచోట మైనం రాసేది. చుట్టుదారం ఎక్కడైనా ఎడం అయితే శ్యామ్‌దాని పిలిచేది. మంగాదేవి తన వంతుకు వచ్చి విల్లు తీసుకునేది, వేసేది, బల్ల మీద పెట్టేసి ఫెర్రీకి వెళ్లిపోయేది. "అప్పా" అన్న పిలుపు పోయింది. ఇద్దరి మధ్యా మాటలు మోసేది శ్యామ్‌దాయే.

మళ్లీ చలికాలం వచ్చింది. విల్లు విరిగి కిందటేడు ఇద్దరికీ తప్పిపోయిన ఎంపిక పోటీలు ఈసారి సాల్ట్‌లేక్ వైపు ఒక మైదానంలో పెట్టారు. రెండు జట్లుగా వేయిస్తున్నారు, మొదటి జట్టు వేసి వెనక్కి వచ్చాక రెండోది. ఒకే విల్లు గనక మంగాదేవిని మొదటిదాంట్లో, లోయిస్‌ని రెండోదాంట్లో పెట్టమని శ్యామ్‌దా ముందే మాట్లాడాడు. మధ్యాహ్నానికి పైవరసలో ఉన్న నలుగురిలో వీళ్లిద్దరూ ఉన్నారు. లోయిస్ గుండె ఆ ఏడాదిలో ఎన్నడూ లేనంత నెమ్మదిగా కొట్టుకుంటోంది.

భోజనాల తర్వాత ఈల మోగింది. మొదటి జట్టు గీత మీదికి వెళ్లింది. లోయిస్ వెనకగీత దగ్గర నిలబడి, పట్టీ బిగించుకుంటూ మంగాదేవి వీపుకేసి చూస్తోంది. మంగాదేవి మొదటి బాణం వేసింది. బాగా పడింది. రెండోది ఎక్కించి లాగింది.

ఎదురుగా ఆకాశం తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద నారి నల్లటి గీతలా కనిపిస్తోంది. కొక్కెం తగిలించిన ఉచ్చుకు కాస్త కింద, ఆ గీతమీద, పిల్లి మీసం లాంటిది ఒకటి లేచి నిలబడింది. లోయిస్ చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి లేచింది.

ఆమె అరవడానికి నోరు తెరిచి, ఆపుకుంది. అరిస్తే మంగాదేవి ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే వేలు నొక్కుతుంది. నొక్కితే ఆ దెబ్బకు నారి తెగుతుంది. తను వెనకగీత దాటితే తన బాణాలు లెక్కలోంచి కొట్టేస్తారు. ఈ లెక్కంతా తర్వాత తీరిగ్గా చెప్పినప్పుడు ఆమె వేసినది. అప్పుడు మాత్రం కాళ్లు ముందే కదిలాయి. పరుగెత్తలేదు. మామూలుగా నడిచి మంగాదేవి వెనక కుడిపక్కన ఆగింది.

"మంగా," అంది, ఇంట్లో పిలిచినంత మెల్లగా. "నానే. ఇటు సూడకు. దిబ్బనే సూడు."

మంగాదేవి కదల్లేదు. చెవి మాత్రం ఎర్రబడింది.

"నారి తెగతంది. పోగులు లేసిపోనాయి. ఒగ్గకు. మీట మీంచి ఏలు తీసీ."

"ఆటలాడతన్నావేటి?" పళ్ల మధ్యనుంచి వచ్చింది మాట.

"మా అమ్మ తోడు. ఒగ్గకు."

వెనకనుంచి న్యాయనిర్ణేత బెంగాలీలో గద్దించాడు, "ఏయ్, గీత దగ్గరికి ఎవరు పొమ్మన్నారు? వెనక్కి రా!" పక్కన వేస్తున్న అమ్మాయి విల్లు దించి విసుగ్గా చూసింది. లోయిస్ వెనక్కి తిరగలేదు.

మంగాదేవి మనసులో అప్పుడు ఏముందో ఆమె దాచుకోకుండా ఆ తర్వాత చెప్పింది. ఇది ఆసుపత్రిలో జరిగిన గొడవకు కక్ష అనుకుందట. తన వంతు చెడగొట్టి, తర్వాత అదే విల్లుతో లోయిస్ గెలవాలని చూస్తోందనుకుందట. ఇంకో రెండు క్షణాలు అలాగే ఉండుంటే వేలు నొక్కేసేదే. ఇంతలో టిక్ మని చిన్న చప్పుడైంది. నారి ఆమె ముక్కు కొసకు ఆని ఉంది. ఆ అదురు ముక్కుకు తగిలింది.

ఆమె వేలు మీట ముందునుంచి లేచి, వెనక్కి పోయి దాక్కుంది.

"ఆ, అలాగే," అంది లోయిస్. "లాగే ఉంచు. గోడమీంచి జారిపోకు."

"సెయ్యి వనుకుతందప్పా."

"వనకనీ. లాగుతానే ఉండు. బానం దిబ్బమీదే ఉందా?"

"ఉంది."

"మొకం పక్కకి తీసీ. ఇంకా తియ్యి. నారికి దూరంగా."

మంగాదేవి మొహం తిప్పింది. చెమట కణత మీంచి దవడ మీదికి జారింది. లోయిస్ ఎడమచేతి పాత ఎముక అప్పుడే విరిగినట్టు సలుపుతోంది. ఆమె కళ్లు మూసుకుపోవాలని చూస్తున్నాయి. ఎలాగో తెరిచి ఉంచింది. ఆ విల్లును తనే పట్టుకుని ఆపెయ్యాలని చేతులు లేస్తున్నాయి. ఎదుటి మనిషి లాగి ఉన్న విల్లు మీద చెయ్యి వెయ్యడమంటే ఇద్దరినీ చంపడమేనని శ్యామ్‌దా చెప్పిన మాట గుర్తుచేసుకుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

న్యాయనిర్ణేతకు అప్పటికి విషయం అర్థమైంది. మిగతావాళ్లను కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

"ఇప్పుడు దించు," అంది లోయిస్. "మెల్లగా. సక్రం తిరిగినప్పుడు నిన్ను లాక్కెల్లిపోతాది. అప్పుడు గాబరాపడకు. మోసేయి గట్టిగా ఉంచి, దానెనకాలే ఎల్లు."

మంగాదేవి దించడం మొదలుపెట్టింది. నారి కాస్త ముందుకు జరిగింది. ఇంకాస్త. చక్రం తిరిగింది. బరువంతా ఒక్కసారి వచ్చి ఆమె భుజాన్ని ముందుకు గుంజింది. "ఓలమ్మో!" అంది. మోచెయ్యి ఊగింది. బాణం విల్లు మీంచి జారి పక్కకు వేలాడింది. ఇంకో పోగు టిక్ మంది.

"పట్టుకో! ఎల్లు దానెనకాలే! ఎల్లు, ఎల్లు... అదీ!"

నారి తిన్నగా నిలబడింది. కొక్కెం ఉచ్చులో వదులుగా వేలాడింది. మంగాదేవి దాన్ని విప్పడానికి ప్రయత్నించింది, వేళ్లు పనిచెయ్యలేదు. లోయిస్ ముందుకు వచ్చి విప్పి, విల్లు తీసుకుని గడ్డి మీద పెట్టింది. మంగాదేవి నిలుచున్నచోటే కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

న్యాయనిర్ణేత వచ్చి వంగి నారిని చూశాడు. ఉచ్చు ముడి కింద పోగుల్లో సగానికి పైగా నల్లగా, గట్టిగా, కాలిన జుట్టులా ముడుచుకుని ఉన్నాయి. కొన్ని తెగి వేలాడుతున్నాయి. ఆయన లోయిస్ భుజం తట్టి వెళ్లిపోయాడు. అయితే రూలు రూలే. వంతు కాకుండా వెనకగీత దాటినందుకు ఆ వరసలో ఆమె బాణాలు కొట్టేశారు. కొట్టెయ్యకపోయినా వెయ్యడానికి విల్లు లేదు. నారి మార్చాలంటే విల్లును బిగించి వంచే యంత్రం కావాలి, అది ఆ మైదానంలో లేదు. ఆ చోటు దుర్గాపూర్ నుంచి వచ్చిన అమ్మాయికి దక్కింది. మంచి చెయ్యి ఆమెది, ఎవరూ కాదనలేదు.

చెట్టు కింద కూర్చున్నాక మంగాదేవి చెప్పింది. "బోజనాలప్పుడు ఉచ్చు పీచులెగిసిపోనాది. కొత్తది ముడేసినాను. ముడి ఊడకుండా కొసలు కాల్చాల గదా, టీ బడ్డీ దగ్గిర లైటరడిగి కాల్చినాను. మిషను కాడ నైలాన్ దారం కొసలు అలాగే కాలుస్తాను రోజూ. మంట నారికి తగిలినట్టు నాకు తెల్లేదప్పా."

"నాకొక్క మాట సెప్పకూడదేటి?"

"సెప్తే నువ్వు మల్లీ నన్నే అంటావనుకున్నాను."

"అందును," అంది లోయిస్. "నిజమే. అప్పుడూ అనకుండా అన్నాను. నీ తప్పు నేదని తెలిసినాక కూడా నీ దగ్గిరికి రానేదు. అది నాది."

మంగాదేవి ముక్కు చీదుకుంది. "ఆసుపత్రికి నానూ మల్లీ రానేదు గదా."

శ్యామ్‌దా మూడు మట్టికప్పుల్లో టీ పట్టుకొచ్చాడు. తెలుగు ఒక్క ముక్కా రాదాయనకు. ఇద్దరి మొహాలూ చూసి ఏమీ అడక్కుండా కప్పులు చేతికిచ్చాడు. ఆ తర్వాత తిట్టాడు. కాల్చేటప్పుడు నారికి అడ్డంగా రేకుముక్క పెట్టాలనీ, పనిచేసినవాళ్లు చెప్పాలనీ, వేసేవాళ్లు చూసుకోవాలనీ, ఇద్దరూ కలిసి తనను గుండెజబ్బుతో పైకి పంపేలా ఉన్నారనీ సాయంత్రం బస్సు దిగేదాకా తిడుతూనే ఉన్నాడు.

ఆ ఏడాది వాళ్లు విల్లును మళ్లీ మొదటినుంచి అమర్చుకున్నారు. కొత్త నారి వచ్చాక, దాన్ని కుదురుకోనిచ్చి, పీప్ తిన్నగా నిలిచేదాకా మెలికలు ఒక్కొక్కటే సరిచేశారు. చుట్టుదారం చుట్టే పని మంగాదేవిది, ఆమె వేళ్లకు దారం మాట వింటుంది. చుట్టాక గోటితో తడిమి చూసే పని లోయిస్‌ది. ఎంత చిన్న సందేహమున్నా పైకి అనాలి, అన్నందుకు రెండో మనిషి మూతి ముడుచుకోకూడదు. ఈ షరతు పెట్టింది మంగాదేవే. అప్పుడప్పుడు ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు కూడా. కానీ మాట్లాడుకోవడం మానలేదు.

లోయిస్ భయం పూర్తిగా పోలేదు. కొన్ని పొద్దుల్లో లాగి, ఎందుకో ఒళ్లు జలదరించి, వదలకుండా దించేసేది. తల్లికి చెప్పినట్టు ఆట మానెయ్యనూ లేదు. మరుసటేటి ఎంపికల్లో ఆమె నాలుగో చోట ఆగిపోయింది. మంగాదేవి మొదటి చోట నిలిచింది. ఫలితం చదువుతున్నప్పుడు తనకు అసూయ కలగలేదని లోయిస్ ఎప్పుడూ చెప్పలేదు. కలిగిందనీ, ఆ రోజు కొళాయి దగ్గరికి పోయి చాలాసేపు మొహం కడుక్కుందనీ చెప్పింది.

జాతీయ పోటీలకు జట్టు హౌరా స్టేషన్‌లో రైలెక్కింది. లోయిస్ డ్యూటీ మధ్యలో అడిగి వచ్చింది. దయమ్మ పులిహోర మూట కట్టి పంపింది. కూర్మయ్య ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూ, కనిపించినవాడికల్లా తన కూతురు ఆటకు వెళ్తోందని చెబుతున్నాడు. విల్లు పెట్టె బెర్తు కింద పట్టలేదు. లోయిస్, మంగాదేవి దాన్ని అటు తోసి, ఇటు తిప్పి, చివరికి నిలువుగా కిటికీ పక్కన ఆనించారు.

ఎదుటి సీట్లో కూర్చున్న ముసలాయన ఆ పెట్టెను వింతగా చూశాడు. వీళ్ల మాటలు విని తెలుగువాళ్లని పోల్చుకున్నాడు.

"ఏటమ్మా అది? హార్మోనీ పెట్టేటి?"

"కాదు తాతా, విల్లు," అంది మంగాదేవి.

"విల్లా? ఎవులిది?"

మంగాదేవి లోయిస్ కేసి చూసింది. "మాదే," అంది.

రైలు కదిలింది. లోయిస్ కిటికీ పక్కన కొంతదూరం నడిచి, "కొసలు కాల్చకే!" అని అరిచింది. మంగాదేవి నవ్వుతూ ఏదో అంది కానీ ఆ చప్పుడులో వినిపించలేదు. కూర్మయ్య ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. లోయిస్ ఆయన మోచెయ్యి పట్టుకుని, "పద బాబాయ్, ఫెర్రీ కాడ దింపీసి నాను డ్యూటీకెల్తాను" అని గుంపులోంచి బయటికి నడిపించింది.